"ఇంట్లో కొడుతున్నాడు" అని మందిరానికి వచ్చి చెప్పుకున్న మనిషికి మనం ఏం చేయాలి?

తొలకరి

అందరికీ నమస్కారం. మా దగ్గర ఆడవాళ్ళ ప్రార్థనా బృందం బాధ్యత నేను చూస్తాను. ఏ మతమో రాయట్లేదు. రాస్తే ఆమెను ఎవరైనా గుర్తుపట్టొచ్చు. పైగా ఇది ఏ మందిరంలోనైనా జరిగేదే.

మొన్న అందరూ వెళ్ళిపోయాక ఒకామె ఆగి, భర్త కొడుతున్నాడని చెప్పింది. కొట్టడంతో అయిపోలేదు. జీతం మొత్తం అతని చేతిలో పెట్టాలి, ఫోన్ రోజూ చూపించాలి, పుట్టింటివాళ్ళతో మాట్లాడాలంటే స్పీకర్ ఆన్ చేయాలి. "ఎవరికీ చెప్పొద్దక్కా" అని మాట తీసుకుంది. ఆయన మా కమిటీలో ఉన్నారు. మంచి పేరున్న మనిషి, సేవ అంటే అందరికంటే ముందుంటారు.

మా దగ్గర ఇలాంటివి వస్తే పెద్దలు ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, కలిపి ప్రార్థన చేయించి పంపుతారు. ఈసారి అలా చేయడానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని ఏం చేయాలో తెలియడమూ లేదు. ఈమె విషయంలో ఇప్పుడు నేనేం చేయాలి? రేపు ఇంకొకరు వస్తే మా మందిరం ఎలా నడుచుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు, పెద్దలు చెప్పండి.

చిరుదివ్వె

తొలకరి గారూ, నేను గృహహింస బాధితులకు సాయం చేసే కేంద్రంలో కౌన్సెలర్‌ని. అన్నిటికంటే ముందు, కమిటీకి ఈ విషయం చెప్పకండి. ఆయన దగ్గర అసలు ఎత్తకండి. "ఇంట్లో అంతా బాగేనా" అని పైపైన అడగడం కూడా వద్దు. ఆమె బయట నోరు విప్పిందని అతనికి అనుమానం వస్తే ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే.

మళ్ళీ ఆమెతో ఒంటరిగా మాట్లాడే వీలు దొరికితే "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పు లేదు" అని చెప్పండి. చాలామంది ఈ రెండు మాటలు జీవితంలో మొదటిసారి మా దగ్గరే వింటారు. తర్వాత ఆమె చెప్పేది వినండి. "ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న వినగానే తప్పు మళ్ళీ తన మీదికే వచ్చిందనుకుని మూసుకుపోతారు.

వీలైతే కొన్ని విషయాలు నెమ్మదిగా తెలుసుకోండి. ఎప్పుడైనా గొంతు నులిమాడా? చంపుతానన్నాడా? ఇంట్లో ఆయుధం ఉందా? ఈ మధ్య దెబ్బలు ఎక్కువయ్యాయా? గర్భంతో ఉన్నప్పుడు కొట్టాడా? వెంటాడుతున్నాడా? ఇవి నేను కల్పించిన ప్రశ్నలు కావు. జాక్విలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు 1985లో ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. వీటిలో గొంతు నులమడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అంతకుముందు ఒకసారైనా భర్త తన గొంతు నులిమి ఉంటే, ఆ స్త్రీ తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో వచ్చిన అమెరికా అధ్యయనం తేల్చింది. పైకి మచ్చ కూడా కనిపించకపోవచ్చు, లోపల రక్తనాళం దెబ్బతిని కొన్ని రోజుల తర్వాత ప్రాణం మీదికి రావచ్చు. అలా జరిగిందని చెబితే డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి. "వెంటనే ఆ ఇంట్లోంచి వచ్చేయ్" అని ఒత్తిడి చేయకండి. విడిపోతున్న సమయం, విడిపోయిన కొత్త, ఇవే అన్నిటికంటే ప్రమాదకరం. తన గుప్పిట్లోంచి జారిపోతోందని తెలిసినప్పుడే అలాంటివాళ్ళు తెగిస్తారు. ఎప్పుడు బయటికి రావాలో, అసలు రావాలో వద్దో ఆమెకే తెలుసు. అతని మూడ్ ఎప్పుడు ఎలా మారుతుందో ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చింది ఆమె. శిక్షణ ఉన్న కౌన్సెలర్‌తో మాట్లాడిస్తే ప్రమాదం వస్తే ఏం చేయాలో, ఎక్కడికి వెళ్ళాలో ఇద్దరూ కలిసి ముందే సేఫ్టీ ప్లాన్ వేసుకుంటారు. ఆ ఫోన్ కూడా ఆమె ఫోన్ నుంచి వద్దు. మీ ఫోన్ ఇవ్వండి. ఈ విషయం గురించి ఆమెకు మెసేజ్‌లు అస్సలు పెట్టకండి.

పాతకాపు

చిరుదివ్వె గారి అనుభవం మీద గౌరవంతోనే ఇంకో వైపు చెబుతాను. మా సమాజంలో పెద్దమనిషిగా చాలాకాలంగా ఉన్నాను. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే నిలబడ్డ కాపురాలు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఒకరి మాటే విని ఇంకొకరిని దోషిగా నిర్ణయించేయడం ఏ ధర్మం? కలపడం మన పని. విడదీయడానికి బయట చాలామంది ఉన్నారు. తొలకరి అమ్మా, భర్త తరఫు మాట కూడా వినాలి కదా?

నడిరేయి

పాతకాపు గారూ, మీరు పెద్దవారు. మీ మీద కోపంతో రాయట్లేదు. అలాంటి గదిలో కూర్చున్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

నన్ను, నా భర్తని పక్కపక్కనే కూర్చోబెట్టారు. ఎదురుగా పెద్దలు. "ఏమ్మా, ఏం జరిగిందో భయపడకుండా చెప్పు" అన్నారు. అతని మోకాలు నా మోకాలికి తగులుతోంది. నేనేం చెబితే ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో నాకు, అతనికి, మా ఇద్దరికే తెలుసు. "చిన్న చిన్న గొడవలండీ, నాకే ఓర్పు తక్కువ" అన్నాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అతను కళ్ళనీళ్ళు పెట్టుకుని క్షమించమన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. ప్రార్థన చేశారు. ఆ కాపురం కూడా నిలబడిందనే వాళ్ళ లెక్కలో రాసుకుని ఉంటారు. ఆ తర్వాత నేను ఎవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే చెప్పాల్సిన చోట చెప్పేశాను, అది అయిపోయింది.

నన్ను బయటపడేసింది అదే సమాజంలోని ఒక పెద్దావిడ. ఆమె నన్ను పక్కకి పిలిచి ఏమీ బోధించలేదు. "ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "ఎప్పుడు అవసరమొచ్చినా మా తలుపు కొట్టు, ఎందుకని అడగను" అంది. నా సర్టిఫికెట్లు, పిల్లాడి కాగితాలు ఒక్కొక్కటిగా ఆమె ఇంట్లో దాచుకున్నాను. వాటి గురించి ఆమె ఎవరి దగ్గరా నోరు జారలేదు.

నేను దేవుణ్ణి వదల్లేదు. చాలామంది వదిలేస్తారు, వాళ్ళని తప్పు పట్టలేను. నాకు మాత్రం ఆయన ఆ పెద్దావిడ రూపంలో వచ్చాడనే నమ్మకం.

పాతకాపు

నడిరేయి తల్లీ, చదివాను. ఆ గదిలో కూర్చున్న ఆడకూతురికి ఏమనిపిస్తుందో ఇలా ఎవరూ నాకు చెప్పలేదు.

మరి ఒక్కటి అడుగుతాను, వాదనకి కాదు. ప్రతి ఇంట్లోనూ గొడవలుంటాయి. ఒక మాట జారడం, కోపంలో గిన్నె విసరడం, ఇవన్నీ హింస అంటే ఏ కాపురమూ మిగలదు. ఏది మామూలు గొడవ, ఏది హింస అని మాలాంటివాళ్ళం ఎలా గుర్తుపట్టాలి?

వకాల్తా

మంచి ప్రశ్న అడిగారు. కుటుంబ కేసులు చూసే న్యాయవాదిని, నాకు అర్థమైనంతలో చెబుతాను.

ఒక్కో సంఘటన ఎంత పెద్దదో కొలిస్తే తేలదు. అన్నీ కలిపి చూడాలి. గొడవలో ఇద్దరూ నోరు చేసుకుంటారు, ఇద్దరికీ కోపం వస్తుంది, కానీ ఎవరికీ ఎవరంటే భయం ఉండదు. హింస ఉన్న ఇంట్లో ఒకరు మాట్లాడే ముందు రెండోవారి మొహం చూస్తారు. డబ్బు, ఫోన్, బంధువులు, నిద్ర, బట్టలు, గుడికో చర్చికో వెళ్ళడం, అన్నీ ఒకరి అనుమతి మీదే నడుస్తాయి. అమెరికాలోని డులూత్ అనే ఊళ్ళో 1980లలో హింసకు గురైన స్త్రీలతో కూర్చుని, వాళ్ళు చెప్పినవన్నీ చేర్చి ఒక చక్రం బొమ్మ గీశారు. బెదిరింపు, ఒంటరిని చేయడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం, డబ్బు మీద పట్టు, "అలాంటిదేం జరగలేదు" అని బుకాయించడం, ఇవన్నీ చక్రం లోపల ఉంటాయి. నడిమధ్యన అధికారం, అదుపు. కొట్టడం బయటి అంచు మాత్రమే. తొలకరి గారు రాసిన స్పీకర్ ఫోన్ సంగతి ఆ చక్రంలో సరిగ్గా ఇముడుతుంది.

చట్టాలు కూడా ఆలస్యంగానైనా ఇటు వచ్చాయి. భారతదేశంలో 2005 గృహహింస నిరోధక చట్టం దెబ్బలతో పాటు మాటలతో, మానసికంగా వేధించడాన్ని, డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే లెక్కిస్తుంది. కలిసి ఉంటున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఇచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 నుంచి దెబ్బ పడకపోయినా ఇలా అదుపులో పెట్టుకోవడమే నేరం.

భర్త తరఫు వినాలన్నారు. వినాల్సిన చోటు కోర్టు ఉంది, పోలీసులున్నారు. మందిరం తీర్పు చెప్పనక్కర్లేదు. ఆమె క్షేమంగా ఉందా లేదా చూడటానికి ఎవరినీ దోషిగా ప్రకటించాల్సిన పని లేదు.

అలాగే తొలకరి గారికి ఒక హెచ్చరిక. రహస్యం ఉంచుతానన్న మాటకి హద్దు ఉంది. పిల్లల మీద చేయి పడుతున్నా, చంపుతానని బెదిరిస్తున్నా ఊరుకోకూడదు. పిల్లల విషయంలో అధికారులకు చెప్పి తీరాలనే చట్టం చాలా దేశాల్లో ఉంది, కొన్నిచోట్ల అది మత బోధకులకూ వర్తిస్తుంది. ఆ హద్దు ఏమిటో ఆమెకు ముందే చెప్పండి. తర్వాత మీరు చెప్పాల్సి వస్తే మోసపోయానని అనుకోదు.

వాక్యసేవ

నేను పాస్టర్‌ని. ఈ చర్చలో మా వంతు మాట్లాడకపోతే తప్పవుతుంది.

మా దగ్గరికి వచ్చే స్త్రీ మొదట అడిగేది పోలీసుల గురించి కాదు. "పాస్టర్ గారూ, నేను వెళ్ళిపోతే దేవుని దగ్గర పాపం అవుతుందా?" అని. ఈ ప్రశ్నకి కౌన్సెలర్ జవాబు చెప్పలేరు, చెప్పినా ఆమె మనసుకి ఎక్కదు. ఇక్కడ మేమే మాట్లాడాలి. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో భార్యలు లోబడాలన్న వచనం అందరికీ నోటికొచ్చు. దానికి సరిగ్గా ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంటుంది. 25వ వచనం క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్త భార్యను ప్రేమించాలంటుంది. ఆ మధ్యలోది ఒక్కటే తీసి కర్రలా వాడటం వాక్యాన్ని అపవిత్రం చేయడమే.

అమెరికా కాథలిక్ బిషప్‌లు 1992లో ఒక ప్రకటన విడుదల చేసి, 2002లో మళ్ళీ సవరించారు. హింస ఉన్న వివాహంలో ఎవరూ ఉండిపోవాల్సిన అవసరం లేదని అందులో సూటిగా రాశారు. విడాకుల విషయంలో అంత గట్టిగా ఉండే సంఘమే ఆ మాట అంది. మిగతావాళ్ళం ఎందుకు వెనకాడాలి?

క్షమాపణ గురించి కూడా చెప్పాలి. క్షమించడం అంటే ఆ ఇంటికి తిరిగి వెళ్ళడమని మనవాళ్ళు కలిపేశారు. క్షమించాలో లేదో, ఎప్పుడో, ఆమెకూ దేవునికీ మధ్య విషయం. ఒకవేళ క్షమించినా వేరే ఇంట్లో ఉండి, తాళం వేసుకుని క్షమించవచ్చు. ఆమె మీద తొందరపెట్టే అధికారం నాకు లేదు. "నీ సిలువ నువ్వు మోయాలమ్మా" అనేవాళ్ళని మా సంఘంలో నేను అక్కడికక్కడే ఆపుతాను. సిలువ ఇష్టపూర్వకంగా ఎత్తుకునేది. కొట్టినవాడు మోపినదానికి ఆ పేరు పెట్టకూడదు.

సబూరీ

అస్సలాము అలైకుమ్. వాక్యసేవ అన్న చెప్పినదే మా వైపు నుంచి. ఖురాన్ 4:34 ఆయతును (వచనాన్ని) కొట్టేవాళ్ళు అడ్డం పెట్టుకుంటారు. దాని అర్థం మీద పండితుల మధ్య పెద్ద చర్చే ఉంది, అదంతా ఇక్కడ రాయను. కానీ ప్రవక్త గారు తన చేత్తో ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ కొట్టలేదని ఆయన భార్య ఆయేషా గారు చెప్పిన మాట సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. ఆచరణ కావాలంటే అంతకు మించిన ఆచరణ ఏముంటుంది? భార్యాభర్తల మధ్య ప్రేమను, కరుణను పెట్టానని అల్లాహ్ 30:21లో అంటాడు. ఆ రెండూ లేకుండా భయం ఒక్కటే మిగిలిన ఇంటిని "సబర్ (ఓర్పు) చెయ్యి" అంటూ కాపాడటం దీన్ (ధర్మం) కాదు.

ఇంకో సంగతి. అటు ఒకరు, ఇటు ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలని 4:35లో ఉంది కదా అని మా దగ్గర పెద్దలు అంటారు. అది ఇద్దరి మధ్య విభేదం వచ్చినప్పుడు. ఇద్దరికీ నోరు తెరిచే స్వేచ్ఛ ఉండాలి. నడిరేయి చెల్లి రాసిన గదిలో మధ్యవర్తిత్వం ఎక్కడుంది?

2000లో షరీఫా అల్ఖతీబ్ గారు అమెరికాలో పీస్‌ఫుల్ ఫ్యామిలీస్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. ఇమాములతో, సమాజం పెద్దలతో కూర్చుని ఈ విషయాలే నేర్పుతారు. బయటివాళ్ళు వచ్చి చెబితే వినని మనుషులు, తమ కితాబు తెలిసినవాళ్ళు చెబితే వింటారు. జుమా ప్రసంగంలో ఏడాదికి ఒక్కసారైనా "భార్యను కొట్టడం జుల్మ్ (దౌర్జన్యం)" అని ఇమామ్ గట్టిగా అంటే, ఆ మాట విన్న ఆడవాళ్ళలో ఒకరైనా తర్వాత వచ్చి చెప్పుకుంటారు. నేను చూశాను.

అక్షరమాల

మా సత్సంగంలో వినపడే మాట వేరు. "పూర్వజన్మ కర్మ, అనుభవించాలి" అంటారు. నాకు తెలిసినంతలో కర్మ సిద్ధాంతం మన ప్రవర్తన గురించి మనకు చెప్పేది. ఎదుటివాడి దెబ్బలకు కారణం వెతికిపెట్టడానికి కాదు. ఆ లెక్కన ఆమెకు సాయం చేసే అవకాశం మనకు దొరకడం మన కర్మ కాదా? అది చేయకుండా ఊరుకుంటే ఆ ఫలం ఎవరికి?

స్త్రీలు పూజలందుకునే చోట దేవతలు ఆనందిస్తారన్న మనుస్మృతి శ్లోకం ప్రతి సభలోనూ చదువుతారు. దాని తర్వాతి శ్లోకం ఎవరూ చదవరు. ఇంటి ఆడవాళ్ళు శోకించే కులం త్వరగా నశిస్తుందని అందులో ఉంది. మూడో అధ్యాయం, 56, 57. మనుస్మృతి మొత్తాన్ని నేను సమర్థించను, అందులో స్త్రీల గురించి నేను ఒప్పుకోలేనివి చాలానే ఉన్నాయి. కానీ సగం శ్లోకాలతో ఆడదాన్ని ఇంట్లో కట్టిపడేసేవాళ్ళకి మిగతా సగం కూడా వినిపించాలి.

ఒంటరిపడవ

అందరూ ఆడవాళ్ళ గురించే రాస్తున్నారు. నా భార్య నన్ను కొట్టేది. వేడి నీళ్ళు పోసింది. మా సమాజంలో చెప్పుకుంటే నవ్వుతారని చెప్పలేదు. ఇక్కడైనా చెప్పొచ్చా?

చిరుదివ్వె

చెప్పండి బ్రదర్. మిమ్మల్ని నమ్ముతున్నాను, జరిగినదానికి మీరు కారణం కాదు. మందిరం మాటల్లో, పోస్టర్లలో మీలాంటివాళ్ళకీ చోటు ఉండాలి. చాలా హెల్ప్‌లైన్లు మగవాళ్ళతోనూ మాట్లాడతాయి. మీకు వ్యక్తిగత మెసేజ్ పెడుతున్నాను, వీలైనప్పుడు చూడండి.

సంఖ్యలో బాధితులు ఎక్కువగా స్త్రీలే, అందుకే చర్చ అటు వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, భర్తతో గానీ సహచరుడితో గానీ జీవించిన 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 27 శాతం మంది అతని చేతిలో ఒక్కసారైనా శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. అంటే వందమంది ఆడవాళ్ళు కూర్చున్న ఏ ప్రార్థనలోనైనా అలాంటివాళ్ళు ఉన్నారనే అనుకుని మాట్లాడాలి. అయినా మీ ఒక్కరి నొప్పి ఆ అంకెతో తగ్గదు.

తొలకరి

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఆమెతో మాట్లాడాను, నా ఫోన్ నుంచి కౌన్సెలర్‌తో మాట్లాడించాను. ఇంతకు మించి ఇక్కడ రాయను, రాయకూడదు.

ఇప్పుడు నా టెన్షన్ అతని గురించి. రేపు విషయం బయటపడితే మా కమిటీలో సగంమంది అతని వైపే నిలబడతారు. "తప్పు తెలుసుకున్నాడు, ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు" అంటారు. అలాంటి మనిషితో మందిరం ఎలా ఉండాలి? వెలివేయాలా?

మార్పుబాట

ఈ ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను. భార్యల మీద చేయి చేసుకున్న మగవాళ్ళతో పనిచేసే కార్యక్రమంలో గ్రూపులు నడుపుతాను.

వెలివేయడం వల్ల లాభం లేదు. మనుషులు, పేరు, గౌరవం అన్నీ పోయిన రోజు అతను మరింత ప్రమాదకరంగా మారొచ్చు. అలాగని కన్నీళ్ళు చూసి నమ్మకండి. అందరి ముందు ఏడవడం తేలిక. మా గ్రూపుకి వచ్చే చాలామంది మొదటి వారాల్లో ఏడుస్తారు, ఆ ఏడుపు ఎక్కువగా తమ మీద తమకున్న జాలి. మార్పు మొదలైందని నాకు అనిపించేది వేరే చోట. "ఆమె నన్ను రెచ్చగొట్టింది" అనడం మానేసి "నేను కొట్టాను" అన్నప్పుడు. ఇంటికి రావద్దని ఆమె అంటే గొణక్కుండా దూరంగా ఉన్నప్పుడు. పిల్లల ఖర్చు అడగకుండానే పంపినప్పుడు. దీనికి నెలలు పడుతుంది. కాలిఫోర్నియాలో కోర్టు పంపిన మనిషి 52 వారాల కార్యక్రమం పూర్తి చేయాలి. అంత చేసినా అందరూ మారరు. నిజాయితీగా చెప్పాలంటే మా కార్యక్రమాల ఫలితాల మీద పరిశోధనల్లోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. కాబట్టి అతను క్లాసుకి వెళ్తున్నాడు కదా అని ఆమెను తిరిగి పంపే పని చేయొద్దు.

కోపం తగ్గించుకునే క్లాసులు వేరు, ఇది వేరు. చాలామంది మందిరాల పెద్దలు అక్కడికి పంపుతారు. ఆలోచించండి, ఇలాంటి మనిషికి కోపం ఆఫీసులో బాస్ మీద రాదు, పోలీసు మీద రాదు. ఇంటి తలుపు మూశాకే వస్తుంది. బయట అతనికి ఎంత మంచి పేరుందో తొలకరి గారే రాశారు. దంపతులిద్దరికీ కలిపి కౌన్సెలింగ్ కూడా హింస ఉన్నచోట పెట్టరు. కారణం నడిరేయి గారు చెప్పేశారు.

మందిరం చేయగలిగింది ఏమిటంటే, బాధ్యతల్లోంచి తప్పించడం. కమిటీ, వేదిక, మైకు, పిల్లల తరగతులు, ఏవీ వద్దు. ఆమె వచ్చే ప్రార్థనకి అతను రాకుండా వేరే సమయం చెప్పడం. ఆమె చోటు మారాల్సిన పని లేదు, అతనిదే మారాలి. అతనికి మంచి నడవడిక ఉందని కోర్టుకి ఉత్తరాలు రాయకపోవడం. ఇవన్నీ కూడా ఆమె క్షేమంగా ఉన్నాకే, ఆమెకు ముందే తెలిపి, ఆమె సరేనన్నాకే. అతనితో పాటు నడిచే పెద్దమనిషి ఒకరు ఉంటే మంచిది, కానీ ఆయనకి శిక్షణ ఉండాలి. వారం వారం అడగాల్సింది ఒకటే: ఈ వారం ఆమెకు భయం కలిగించే పని ఏదైనా చేశావా?

పాతకాపు

ఆ పెద్దమనిషి పనికి నేను శిక్షణ తీసుకోవచ్చా? నా వయసువాళ్ళు ఈ పనికి పనికొస్తారా?

మార్పుబాట

నిస్సంకోచంగా, బాబాయ్ గారూ. మీ మాటకి విలువ ఉన్నచోట మీరు నిలబడితే కుర్రాళ్ళు వింటారు. మీ దగ్గరున్న సహాయ కేంద్రాన్ని అడగండి, చాలా కేంద్రాలు మత పెద్దలకి శిక్షణ ఇస్తాయి.

చిరుదివ్వె

శిక్షణ మాట వచ్చింది కాబట్టి మా వైపు లోపాలు కూడా రాయాలి. మందిరాలకే అన్నీ చెప్పి మేం తప్పించుకోకూడదు.

మొదటి ఆశ్రయ కేంద్రాల్లో ఒకటి లండన్‌లోని చిజ్విక్‌లో 1971లో తెరుచుకుంది. అప్పటి నుంచి ఈ రంగం చాలా నేర్చుకుంది, విశ్వాసం విషయంలో మాత్రం నెమ్మదిగా. ఇప్పటికీ కొందరు కౌన్సెలర్లు ఆమె దేవుడి పేరెత్తగానే మాట మారుస్తారు. "మీ మతమే మిమ్మల్ని ఇలా చేసింది" అని మొహం మీదే అనేవాళ్ళూ ఉన్నారు. అలా అంటే ఆమె మళ్ళీ రాదు. భర్త, ఇల్లు, చుట్టాలు అన్నీ పోతున్న సమయంలో ఆమెకు మిగిలింది ఆ ప్రార్థన ఒక్కటే కావచ్చు. ఆశ్రయ కేంద్రంలో ప్రార్థనకి ఒక మూల, ఆమె తినగలిగే భోజనం, ఉపవాస సమయాలకు తగ్గట్టు వంటగది, పండగ రోజు సెలవు, తలమీద ముసుగు తీయమని అడగకపోవడం, ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. వీటివల్లే ఉండిపోయినవాళ్ళు, వీటివల్లే భర్త దగ్గరికి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు.

అమెరికాలో మేరీ ఫార్చ్యూన్ అనే బోధకురాలు 1977లో సియాటిల్‌లో ఇందుకోసమే ఒక సంస్థ పెట్టారు. తర్వాత దాని పేరు ఫెయిత్‌ట్రస్ట్ ఇన్‌స్టిట్యూట్ అయింది. మత పెద్దలకి హింస గురించి, సహాయ కేంద్రాల వాళ్ళకి విశ్వాసం గురించి నేర్పడమే వాళ్ళు పనిగా పెట్టుకున్నారు. రెండు వైపులా నేర్చుకోవాలి. మా కేంద్రం మందిరాల పెద్దలతో క్రమం తప్పకుండా కూర్చోవడం మొదలుపెట్టాక, వాళ్ళు మాకు ఫోన్ చేసి "పేరు చెప్పను, ఇలాంటి పరిస్థితి, ఏం చేయమంటారు" అని అడుగుతున్నారు. అలా అడిగే అలవాటు ఉంటే చాలు, పెద్దలకి అన్నీ తెలియక్కర్లేదు.

వాక్యసేవ

మేం కూడా అలాగే ఒక కేంద్రంతో మాట్లాడుకుని పెట్టుకున్నాం. ఒక చిన్న నిధి కూడా ఉంది. రాత్రికి రాత్రి బయటపడితే ప్రయాణం ఖర్చు, తాళం మార్పించడం, కొత్త ఫోన్. ఎవరికిచ్చామో ఇద్దరికే తెలుస్తుంది, లెక్కల్లో పేరు రాయం. ప్రార్థనకి రావాలని గానీ, సంఘం ముందు సాక్ష్యం చెప్పాలని గానీ షరతు పెట్టం. ఆమె కథ ఆమెది, మా సంఘం గొప్ప చెప్పుకోవడానికి కాదు.

తొలకరి

మీరందరూ చెప్పినవి పెట్టుకుని మా మందిరానికి ఒక పేజీ రాస్తున్నాను. ఎవరొచ్చి చెప్పినా ఇద్దరినీ కలిపి పిలవడం ఇక ఉండదు. ఈ పని చూసేది ఇద్దరు, ఒక ఆడ, ఒక మగ, ఇద్దరికీ శిక్షణ. నిందితుడు ఎవరైనా, కమిటీ సభ్యుడైనా, బోధకుడే అయినా ఒకటే పద్ధతి. కమిటీ ముందు పెట్టేటప్పుడు ఈమె సంగతి ఏ కోశానా తెలియనివ్వను. మామూలుగా నియమాలు సవరిస్తున్నట్టే పెడతాను, అది కూడా ఇప్పుడే కాదు, కౌన్సెలర్ సరేనన్నాక.

హెల్ప్‌లైన్ నంబరు ఎక్కడ పెడితే మంచిది? నోటీసు బోర్డు మీద పెడదామనుకున్నాను.

నడిరేయి

నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఆ నంబరు రాసుకునే ధైర్యం నాకు ఎప్పటికీ వచ్చేది కాదు అక్కా. అక్కడ ఒకటి పెట్టండి, మందిరం ఈ విషయం దాచట్లేదని తెలుస్తుంది. అసలు పనికొచ్చేది ఆడవాళ్ళ బాత్రూమ్ తలుపుకి లోపలివైపు. గడియ పెట్టుకున్నాక అతను చూడలేని చోటు అదొక్కటే. చింపుకుని తీసుకెళ్ళే చిన్న చీటీలు పెట్టండి, వాటి మీద నంబరు తప్ప ఏమీ రాయకండి. పర్సులో దొరికినా ఏదో నంబరు అనుకోవాలి. మొదట్లోనే రెండు మూడు చీటీలు మీరే చింపేయండి. ఖాళీలు కనిపిస్తే తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని అర్థమవుతుంది, చింపిన మొదటి మనిషి తనే అవుతానన్న భయం ఉండదు.

మగవాళ్ళ వైపు కూడా పెట్టండి, ఒంటరిపడవ అన్న లాంటివాళ్ళ కోసం.